నలభై నిమిషాల సానుభూతి

కంప్యూటర్ బాగుపడటం వేరు, బాగుపడిందని దాన్ని వాడేవారికి అనిపించడం వేరు అని హైటెక్ సిటీలోని మా కంపెనీ మొన్న ఏప్రిల్‌లో అధికారికంగా గుర్తించింది. అంతకుముందు మానవాళి ఈ రెండూ ఒకటేననే భ్రమలో బతికింది.

ఈ సత్యం బయటపడటానికి కారకుడు ఐలయ్య. బోరబండ నుంచి వచ్చే ఐలయ్య మా ఆఫీసు కంప్యూటర్లను పదకొండేళ్లుగా బాగుచేస్తున్నాడు. (సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ మాత్రం ఎవరికీ రాదా అని అడగకండి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు నాలుగు అంతస్తులైతే, వాళ్ల క్యాబ్‌లూ క్యాంటీనూ సెలవులూ చూసేవాళ్లు రెండు అంతస్తులు.) ఒకరోజు క్యాబ్‌ల విభాగంలో బాలాత్రిపురసుందరి గారి తెర నల్లబడింది. సాయంత్రం ఆరు గంటల క్యాబ్‌ల జాబితా అందులోనే ఉంది. ఆవిడ గంటన్నరసేపు తెర తుడిచారు, కీబోర్డు బోర్లించి దులిపారు, పక్క సీటామెతో దండం కూడా పెట్టించారు. ఐలయ్య వచ్చి, బల్ల కిందికి వంగి, ఊడిన వైరు గుచ్చాడు. తెర వెలిగింది.

“వైరు ఊడింది మేడం. గంతే,” అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. క్యాబ్‌లు వేళకి కదిలాయి. ఆవిడ ఐలయ్య పనికి ఒక్క స్టార్ ఇచ్చారు.

సగటున నాలుగున్నర స్టార్లు లేనివారి కాంట్రాక్టు మా కంపెనీ పొడిగించదు. ఐలయ్య కాంట్రాక్టు జూన్‌లో ముగుస్తుంది. కంగారుగా ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

“నేనేం తప్పు చేసిన మేడం?”

“తప్పేం లేదండి. గంటన్నరసేపు నాకు ఏడుపొక్కటే తక్కువ. మీరొచ్చి నిమిషంలో తేల్చేసి ‘గంతే’ అనేస్తే, ఇంతమందిలో నేనేమైపోవాలండీ?”

ఐలయ్యకు అదీ నిజమే అనిపించింది.

ఒక్క స్టార్ సంగతి వినియోగదారుల సంతృప్తి విభాగాధిపతి ఉదయ్ భాస్కర్ గారి దాకా వెళ్లింది.

“నువ్వు కంప్యూటర్ని బాగుచేశావు ఐలయ్యా. ఆవిడ బాధని బాగుచేయలేదు.”

“బాధకు ఏ వైరు పెట్టాలె సార్?”

దీనికి సమాధానంగా పదహారు పేజీల ‘సానుభూతి విధానం’ వెలువడింది. ఏ మరమ్మతూ నలభై నిమిషాలకు తగ్గరాదు. మొదటి ఐదు నిమిషాలు తెరవైపు దిగులుగా చూడాలి. మధ్యలో రెండుసార్లు ఎవరికైనా ఫోన్ చేయాలి (అవతల ఎవరూ ఉండనవసరం లేదు). చివర్లో ‘ఇలాంటిది నా సర్వీసులో చూడలేదు’ అనాలి.

ఐలయ్య నేర్చుకున్నాడు. మే నెలలో ఆవిడ వైరు మళ్లీ ఊడితే నలభై రెండు నిమిషాలు నిట్టూర్చాడు. ఆవిడ టీ తెప్పించి, ఐదు స్టార్లిచ్చారు. వంతు కోసం నిలబడ్డవాళ్ల వరుస లిఫ్టు దాకా సాగింది. ఎవరూ విసుక్కోలేదు. తమ వైరుకీ అంత గౌరవం దక్కుతుందని వాళ్ల ఆశ.

ఐలయ్యతో పనిచేసే మమతకు మాత్రం ఇది ఒంటబట్టలేదు. “నాతోని కాదన్నా గీ యాక్టింగ్. వైరు పెట్టి, ఎట్ల పెట్టాల్నో చూపిచ్చి వస్త,” అంది. అలాగే చేసింది. ఆమె చూపించిన చోటి నుంచి మళ్లీ పిలుపు వచ్చేది కాదు. (పిలుపు రాకపోవడం ఆదరణ లేకపోవడానికి గుర్తు: విధానం, పన్నెండో పేజీ.)

జూన్ మొదటి వారంలో, సానుభూతి విధానం సాధించిన విజయాలను కంపెనీ పెద్దలకు వివరించబోతుండగా ఉదయ్ భాస్కర్ గారి తెర నల్లబడింది. ఐలయ్య పరుగున వచ్చి, తెరవైపు దిగులుగా చూడటం మొదలుపెట్టాడు.

“వైరేమో చూడవయ్యా!” అన్నారాయన గొంతు తగ్గించి.

“చూస్త సార్. ఇంక నాలుగు నిమిషాల దిగులున్నది.”

ఆయన చొక్కా తడిసిపోయింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న మమత ఇక ఆగలేక లోపలికి వచ్చి, వైరు గుచ్చి వెళ్లిపోయింది. తెర వెలిగింది. పెద్దలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఉదయ్ భాస్కర్ గారు స్టార్లు ఇచ్చారు. ఐలయ్యకు ఐదు. మమతకు ఒకటి. ‘పెద్దల ముందు నా సమస్యను చులకన చేసింది’ అని కింద రాశారు. ఐలయ్య కాంట్రాక్టు రెండేళ్లు పొడిగించారు. జూన్‌లోనే ముగిసే మమతది పొడిగించలేదు.

ఆమె బ్యాగు సర్దుకుంటుంటే ఐలయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“గట్ల చూడకన్నా,” అంది మమత. “ఇచ్చేటందుకు నా దగ్గర స్టార్లు లేవు.”

ఈసారి దిగులు నిజమైనదే. ఐలయ్య ఆమె బ్యాగు అందుకుని లిఫ్టు దాకా మోశాడు.

మర్నాడే ఆమె స్థానానికి ప్రకటన వెలువడింది. నాటకాల్లో అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. కంప్యూటర్ తెలిసి ఉన్నా అభ్యంతరం లేదు.