డాక్టరుగారి బోర్డు, జారిన బిట్టు

ఆ ఉదయం పళ్ళ డాక్టరుగారి పథకం చాలా చిన్నది. పదింటికి ఇంటి ముందుగదిలో ఆసుపత్రి తెరవాలి. ఆలోపు 'దంతవైద్యశాల' అని చెక్క మీద స్వహస్తాలతో చెక్కి గుమ్మానికి తగిలించాలి. ఉన్న ఉద్యోగం మానేసి మరీ పెట్టుకున్న ఆసుపత్రి. మొదటిరోజే పేరు పోతే ఇక రెండోరోజుతో పని లేదు.

చెక్కలో గాడి తీసే రౌటర్ మిషను వడ్రంగి బావమరిది పనిముట్ల సంచితో సహా తెచ్చిచ్చాడు. చెక్కని తొలిచే ములుకుని, అదే బిట్‌ని, ఎలా బిగించాలో చెప్పబోయాడు కూడా.

"నాకే చెప్తావా? రోజూ జనం నోట్లో తిప్పేది ఇలాంటిదే కదయ్యా!" అని డాక్టరుగారు అతన్ని సాగనంపారు.

పళ్ళు తొలిచే మిషనుకి ఆయన రోజూ నూనె చుక్క వేస్తారు. అదే శ్రద్ధతో బిట్ కాడకీ, దాన్ని పట్టుకునే గొట్టానికీ నూనె పట్టించారు. నట్టుని పళ్ళు పీకే పట్టకారుతో బిగించారు. చెక్కని భోజనాల బల్ల మీద పెట్టి మొదలుపెట్టారు.

మొదటి అక్షరం ముత్యంలా కుదిరింది. రెండోది కాస్త లోతుగా దిగింది. బిట్ పట్టు తప్పి కిందికి జారుతోందన్న అనుమానం పెద్ద చదువు చదివిన బుర్రకి రాలేదు. నూనె చాలలేదనుకుని ఇంకాస్త పోశారు. మూడో అక్షరం చెక్కని దాటి బల్లలోకి వెళ్ళింది.

"ఏమండీ, బోర్డు చెక్కుతున్నారా, బావి తవ్వుతున్నారా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"లోతుగా ఉంటే పదికాలాలు నిలుస్తుందే!"

"బోర్డు సరే. బల్ల ఏం పాపం చేసింది?"

ఈలోగా ముందుగదిలో ముగ్గురు రోగులు చేరారు. లోపలి మోత విని ఒకాయన బుగ్గమీద చెయ్యి తీసేసి, నొప్పి తగ్గిందేమోనని నాలుకతో తడిమి చూసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. తెల్లకోటు నిండా పొట్టుతో, ఒక చేతిలో రౌటర్, మరో చేతిలో పట్టకారుతో డాక్టరుగారు ప్రత్యక్షమయ్యారు.

"మీలో ఎవరి దగ్గరైనా స్పానరు ఉందా?"

గది ఖాళీ అయింది. చెప్పులు మాత్రం మిగిలాయి.

"బాగా పిలిచారు లోపలికి," అంటూ భార్య వచ్చి ముందు ప్లగ్గు పీకేసింది. బిట్ పట్టుకుని లాగితే అరటిపండు తొక్కలోంచి వచ్చినట్టు వచ్చింది. "నూనె చేత్తో ఎప్పుడైనా సీసా మూత తిప్పారా?"

"అది వేరు, ఇది సైన్సు..."

"సైన్సుని కాస్త పక్కకి జరగమనండి."

కాడనీ గొట్టాన్నీ పొడిగుడ్డతో మెరిసేలా తుడిచింది. బిట్‌ని గొట్టం అడుగు తాకేదాకా దింపి, పిసరంత వెనక్కి లాగింది. తమ్ముడి సంచిలోనే పడున్న రెండు స్పానర్లూ తీసి గట్టిగా బిగించింది. వరండాలో, కిటికీ పక్కన, కొత్త చెక్క మీద మొదలుపెట్టింది. అక్షరాలన్నీ ఒకే లోతులో వరసగా వచ్చాయి.

చెప్పులకోసం వెనక్కొచ్చిన రోగులు వీధిలోంచి నోరు తెరుచుకుని చూశారు. మెల్లగా లోపలికొచ్చి కూర్చున్నారు. డాక్టరుగారి ప్రాణం లేచొచ్చింది. చేతులు కడుక్కుని, కోటు మార్చుకుని వచ్చారు.

"ముందు ఎవరు?"

"నువ్వుండు నాయనా," అంది దవడ వాచిన పెద్దావిడ. "అమ్మాయి చెయ్యి ఖాళీ అవనీ. ఆవిడకి చూపించుకుంటాం."

"నేను డాక్టర్ని కాదు పిన్నిగారూ!" అంది భార్య కంగారుగా.

"అయితే ఏమమ్మా? ఈయన డాక్టరై ఏం ఒరిగింది?"

ఎంత బతిమాలినా పెద్దావిడ దిగిరాలేదు. చివరికి భార్య కుర్చీ పక్కనే నిలబడి తల పట్టుకుంటానన్నాకే నోరు తెరిచింది.

ఆసుపత్రిలో మొదటి పన్ను డాక్టరుగారే పీకారు. దండం మాత్రం ఆయన భార్యకి అందింది.