లబ్ధిదారుడి వందన సమర్పణ

తలకు దెబ్బ తగిలి మెదడు దెబ్బతిన్న పౌరులకు ప్రభుత్వం అందిస్తున్న సేవల్లో ఎటువంటి లోపమూ లేదని పాఠకులకు ముందుగానే మనవి. జ్ఞాపకశక్తి పోయినవారి కోసం ప్రత్యేకంగా ఒక ఫోన్ నంబరు పెట్టారు. కాస్త పొడుగాటిదే గానీ, గుర్తుపెట్టుకుంటే దివ్యంగా పనిచేస్తుంది. మతిమరుపు తగ్గించే శిక్షణ తరగతులున్నాయి. రెండుసార్లు మర్చిపోయి రానివారి పేరు కొట్టేస్తారు, క్రమశిక్షణ అన్నది ఉండాలి కదా. కళ్ళు తిరిగేవారికి మెట్లెక్కడం మంచి వ్యాయామం కాబట్టి కార్యాలయాన్ని మూడో అంతస్తులో పెట్టారు. చప్పుడు భరించలేనివారు తమ వంతు వచ్చినట్టు తెలియక ఇబ్బంది పడకూడదని పేర్లు మైకులో పిలుస్తారు.

ఈ సౌకర్యాలన్నీ ఒక్కొక్కటిగా వందనాలాయన భార్య అనుభవంలోకి వచ్చాయి.

వందనాలాయన నీటి సరఫరా ఆఫీసులో సీనియర్ గుమాస్తా. ఆ సంగతి ఆ ఆఫీసులోనే చాలామందికి తెలియదు. ఆయనకు పేరొచ్చింది వందన సమర్పణ వల్ల. ఏ సభలోనైనా జనం చెప్పులు వెతుక్కునే వేళకు ఆయన మైకు అందుకుని, ముఖ్య అతిథి మొదలు తివాచీ పరిచినవాడి దాకా ఒక్కరినీ వదలకుండా కృతజ్ఞతలు చెప్పేవాడు. కిందటేడు ఒక సభలో వేదిక అలంకరించినవారిని మనసారా మెచ్చుకుంటుండగా, ఆ అలంకరణే ఊడి ఆయన నెత్తిన పడింది. "అంతగా పొగిడాను గదా, దగ్గరికొచ్చి పలకరిద్దామనుకుంది పాపం" అని ఆసుపత్రిలో ఆయనే నవ్వాడు. భార్య కూడా నవ్వింది. డాక్టరు మాత్రం నవ్వలేదు.

ఇంటికి వచ్చాక గాని అసలు సంగతి తెలియలేదు. పాలు పొయ్యి మీద పెట్టి స్నానానికి వెళ్ళిపోతాడు. సబ్బు కోసం వీధి చివరికి వెళ్ళి, ఎక్కడో బస్టాండులో నిలబడి మా ఇల్లెక్కడండీ అని అడుగుతాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే చెవులు మూసుకుని కేకలేస్తాడు, ఎందుకు అరిచాడో తెలియక ఆ తర్వాత ఏడుస్తాడు. ఒకరోజు ఆమె బట్టలు ఆరేసి వచ్చేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన, ఆయన అగ్గిపెట్టె కోసం వెతుకుతున్నాడు. ఆ రోజు నుంచి ఆయన్ని ఒంటరిగా వదలాలంటే ఆమెకు గుండె దడ.

ఒక్క వందన సమర్పణ మాత్రం చెక్కుచెదరలేదు. మైకులాంటిది ఏది చేతికి దొరికినా, అది టార్చిలైటైనా సరే, 'వేదికనలంకరించిన పెద్దలారా' అని ధారగా మొదలవుతుంది. ఏళ్ళ తరబడి చెప్పిన మాటలు మెదడులో వేరే చోట ఉంటాయని, మాట్లాడేది నోరే తప్ప ఆయన కాదని డాక్టరు చెప్పాడు. మన సభల్లో అందరూ మాట్లాడేది అలాగే కదా, ఇందులో వింతేమిటో ఆమెకు అర్థం కాలేదు.

ఆమెది ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. ఇప్పుడు ఇల్లు గడిచేది దానిమీదే. సెలవులన్నీ అయిపోయాయి. ఒకటో తారీఖుకు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని మేనేజరు ఎంతో మర్యాదగా చెప్పాడు. ఇలాంటివారి కోసమే సర్కారు పగటి సహాయకుణ్ణి ఇస్తుంది. మనిషికి నిజంగా బాగోలేదని కమిటీ తేల్చడమే తరువాయి.

కమిటీకి వెళ్ళే ముందురోజు ఆమె మొగుణ్ణి కూర్చోబెట్టి బతిమాలింది. "అక్కడ ఉపన్యాసం ఇవ్వకండి. అడిగింది తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలియదనండి. అంతే." ఆయన నిజాయితీగా ఒప్పుకుని, మర్చిపోకుండా అరచేతి మీద 'మాట్లాడకు' అని రాసుకున్నాడు. తెల్లారి అది చదువుకున్నాడు గానీ, ఎవరితో మాట్లాడకూడదో గుర్తురాలేదు. బాగా ఆలోచించి, భార్యతోనే అయ్యుంటుందని నిర్ణయించుకుని, బస్సు దిగేదాకా ఆమెతో పలకలేదు. చెమటకు ఆ రాత ఎప్పుడు చెరిగిపోయిందో ఎవరూ చూడలేదు.

కమిటీలో ముగ్గురున్నారు. ఈ సేవలు చూసే విభాగం డైరెక్టరు అధ్యక్షుడు. మెదడు డాక్టరు పోస్టు ఖాళీగా ఉంది కనుక, కన్నూ తలలోనే ఉంటుంది కనుక, కంటి డాక్టరును వేశారు. మూడో ఆయన పని సంతకం చేయడం. డైరెక్టరు వెనక ఒకడు సంచీ పట్టుకుని, మరొకడు ఆయన తర్వాత ఎక్కడికి వెళ్ళాలో చెవిలో చెబుతూ నిలబడ్డారు.

పరీక్ష బ్రహ్మాండంగా మొదలైంది. ఇవాళ ఏ వారమంటే వందనాలాయన తప్పు చెప్పాడు. పొద్దున ఏం తిన్నారంటే భార్య ముఖం వైపు చూశాడు. మీరిప్పుడున్నది ఎన్నో అంతస్తంటే, రైల్లో ఉన్నామేమో అన్నాడు. ఒక్కొక్క తప్పుకూ ఆమె మనసు ఎగిరి గంతేసింది. మొగుడు తప్పులు చెప్పాలని మొక్కుకునే ఆడదాన్ని లోకంలో నేనొక్కదాన్నే కాబోలు అనుకుని సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే, ఇంకొక్కటి, ఇంకొక్కటి చాలు అని మళ్ళీ మొక్కుకుంది.

పొరపాటు విభాగం వైపు నుంచే జరిగింది. విచారణ రికార్డు చేయాలన్న నిబంధన ప్రకారం డైరెక్టరు గారు, ఇంకేమైనా చెప్పదలచుకుంటే చెప్పండి అంటూ మైకును ఆయన ముందుకు జరిపారు. బల్ల మీద పచ్చటి గుడ్డ, దాని మీద నీళ్ళ సీసాలు, వెనక పెద్దలు. వందనాలాయన లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. భార్య చొక్కా అంచు పట్టుకుని లాగింది. చొక్కా వచ్చింది గానీ మనిషి రాలేదు.

"వేదికనలంకరించిన పెద్దలకు, ఎంతో విలువైన సమయాన్ని మాకోసం వెచ్చించిన అధ్యక్షుల వారికి, అడుగడుగునా వెన్నంటి నిలిచిన ఈ విభాగానికి, చల్లని నీళ్ళందించిన సిబ్బందికి, మైకు అమర్చిన సోదరుడికి, పేరుపేరునా హృదయపూర్వక వందనాలు. మీ సేవలు మా కుటుంబం ఎన్నటికీ మరువదు."

విభాగం పుట్టినప్పటి నుంచి దానికెవరూ కృతజ్ఞత చెప్పిన పాపాన పోలేదు. కంటి డాక్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. సంచీ పట్టుకున్నవాడు చప్పట్లు మొదలుపెట్టాడు. దరఖాస్తుదారు పూర్తిగా కోలుకున్నారని, ఆ ఘనత విభాగం సేవలదేనని ఏకగ్రీవంగా తీర్మానమైంది. ఆ సేవలు ఏవన్నది తర్వాత చేరుస్తామన్నారు.

ఆమె ఉండబట్టలేకపోయింది. "అయ్యా, ఈయన్ని వదిలి నేను పనికి వెళ్తే సాయంత్రానికి ఇల్లుండదు, ఈయనా ఉండడు. అవన్నీ నోటికొచ్చిన మాటలండీ, ఆయన బుర్రలోంచి వచ్చినవి కావు."

డైరెక్టరు గారు ఆమెను జాలిగా చూశారు. "అమ్మా, మతిమరుపు ఎవరికి లేదు? నేనెక్కడికి వెళ్ళాలో నాకే గుర్తుండదు. నేను బండి లాగడం లేదా? మనిషికి పట్టుదల ఉండాలి. మీవారికి ఉంది. మీరే ఆయన్ని కుంగదీస్తున్నారు." వెనకనున్నవాడు చెవిలో ఏదో చెప్పాడు. డైరెక్టరు గారు లేచి వెళ్ళిపోయారు.

మెట్లు దిగుతూ ఆమె ఏడ్చింది. ఎవరో పరాయి ఆవిడ ఏడుస్తున్నదనుకుని వందనాలాయన ఎంతో మర్యాదగా ఓదార్చాడు.

ఒకటో తారీఖుకు ముందురోజు విభాగం నుంచి ఫోను వచ్చింది. రేపు వార్షికోత్సవం, పూర్తిగా కోలుకున్న లబ్ధిదారుగా మీవారు వేదిక మీద మాట్లాడాలి, కారు పంపిస్తాం అన్నారు. కోలుకున్నవాడికి సహాయకుణ్ణి ఇచ్చే వీలు లేదు కనుక, ఆయన చెయ్యి వదలకుండా పట్టుకోవడానికి ఒక 'అతిథి సమన్వయకర్త'ను ఏర్పాటు చేశారు. ఆ సమన్వయకర్త వేళకు అన్నం తినిపించాడు, మందులు వేయించాడు, చప్పుడెక్కువైతే పక్కగదికి తీసుకెళ్ళాడు, సాయంత్రం క్షేమంగా ఇంట్లో దిగబెట్టాడు. ఆమె ఆ రోజు ఉద్యోగానికి వెళ్ళివచ్చింది.

వందన సమర్పణ అంత బాగా కుదిరేసరికి రోడ్ల విభాగం వాళ్ళు అడిగారు, ఆ వెనక పన్నుల విభాగం. సభ లేని రోజంటూ ప్రభుత్వానికి ఉండదు. ఆదివారం తప్ప ప్రతి పొద్దునా కారొస్తుంది. సహాయకుడి అవసరం లేదని నిరూపించడానికే ఆయనకు రోజంతా సహాయకుడు దొరికాడు. ఇంత తెలివి నాకు ముందే ఉంటే కమిటీ ముందు చొక్కా లాగేదాన్నే కాదు అని ఆమె తన్ను తానే వెక్కిరించుకుంది. చాలాకాలానికి రాత్రిళ్ళు కంటినిండా నిద్రపోయింది.

మొన్న ల్యాబుకు ఒక పెద్దావిడ రక్తపరీక్షకు వచ్చింది. ఆమె కొడుకు గోడలకు రంగులేసేవాడట, నిచ్చెన జారి తల పగిలిందట. కమిటీకి వెళ్తే లేదు పొమ్మన్నారట.

"అక్కడ టీవీలో ఒకాయన్ని చూపించారమ్మా. మావాడికి తగిలినట్టే తగిలిందట. ఎంత చక్కగా మాట్లాడాడో! ఆయనకు ఏ సాయమూ లేదట, తనంతట తనే లేచి నిలబడ్డాడట. మావాడికి పట్టుదల లేదంట. ఇప్పుడు ఇంట్లో కట్టేసి వచ్చాను." కళ్ళొత్తుకుని అడిగింది. "నిజంగా ఆయనకు ఎవరూ తోడు లేరంటావా?"

వందనాలాయన భార్య ఆవిడ చేతికి రబ్బరు పట్టీ బిగించింది. నిజం నోటిదాకా వచ్చింది. అది బయటపడితే రేపు పొద్దున కారు రాదన్న సంగతి కూడా దాని వెనకే వచ్చింది.

"ఎవరూ లేరటండీ" అంది. "పిడికిలి బిగించండి, నొప్పి ఉండదు."

ఆమె చేసింది ముమ్మాటికీ తప్పే. ఆమె స్థానంలో మనముంటే అక్కడికక్కడే నిజం చెప్పేసి, ఉద్యోగం వదిలేసి, ఇంటికొచ్చి మొగుడికి కాపలా కూర్చునేవాళ్ళం. మనం అలాంటివాళ్ళం కాబట్టే దేశం ఇంత సుభిక్షంగా ఉంది.