ప్రజాభిప్రాయానికి తేమ ఎక్కువైంది

ప్రభువు అన్నవాడు మాట్లాడకూడదు! పల్లకీలో కూర్చున్నవాడు దారి చెబుతాడా? ఎటు వెళ్లాలో బోయీలకు తెలీదూ? ఈ దేశంలో ప్రజలే ప్రభువులని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మరి ఆ ప్రభువులను ఎండలో లైన్లో నిలబెట్టి, చేతిలో మైకు పెట్టి, "నీకేం కావాలో చెప్పు" అని గద్దించడం ఎంత అమర్యాద! అందుకే ప్రజాభిప్రాయ సేకరణ సభలంటే నాకు ప్రాణం. అక్కడ ప్రభువుల నోటికి ఏ శ్రమా ఉండదు. వాటిని తద్దినం అనీ, కంటితుడుపు అనీ తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నా మాట మీద నమ్మకం లేనివాళ్లకు అర్హతలు మనవి చేసుకుంటాను. గజపతినగరంలో ఒక కాలేజీలో పొలిటికల్ సైన్సు చెప్పి చెప్పి రిటైరయ్యాను. రెండున్నర శతాబ్దాల కిందట ఐరోపాలో తెల్ల విగ్గులు పెట్టుకున్న పెద్దమనుషులు కొందరు, రాజుగారికి అధికారం ఇచ్చింది దేవుడు కాదు, జనం అని తేల్చారు. రాజ్యమంటే జనం తమలో తాము చేసుకున్న ఒప్పందం అన్నారు. అందరి కోరికలనూ కూడితే వచ్చేది వేరు, ఊరందరి మేలూ కోరే ఉమ్మడి సంకల్పం వేరు అన్నారు. ఇదంతా నేను బోర్డు మీద రాసేవాణ్ని, పిల్లలు నిద్రపోయేవారు. నిజం చెప్పొద్దూ, ఆ ఉమ్మడి సంకల్పం ఏమిటో నాకూ అంతుపట్టేది కాదు.

పోయిన నెల్లో, భావనపాడుకు ఇవతల ఒక జాలరి పల్లెలో, షామియానా కింద నాకు జ్ఞానోదయమైంది.

సంగతేమిటంటే, ఆ ఊరి ఇసుక మీద ఒక కంపెనీవారు రిసార్టు కడతారట. వేట నుంచి వచ్చిన పడవలు లాగేదీ, వలలు బాగుచేసుకునేదీ, చేపలు ఎండబెట్టేదీ ఆ ఇసుక మీదే. దాని చుట్టూ కంచె వేస్తారు. వేసే ముందు ప్రజల మాట వినాలని చట్టం ఉంది. మన చట్టాలు ఎంత మంచివో చూడండి! కంపెనీవారు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి మరీ సభకు పిలిచారు. బాప్టిస్టుల ఇళ్లలో బొట్టు పెట్టుకోరు గనక వాళ్లను నోటితో పిలిచారు. లౌకికవాదం అంటే అదీ! ఇక ఒప్పందం సంగతంటారా, నుదుట బొట్టు పెట్టించుకున్నాక వేరే సంతకం ఎందుకు? అందులోనూ అది కంపెనీవారి వేలిముద్రాయె.

నాలాంటి మేధావులకు మాత్రం ఏసీ కారు పంపించారు.

అసమానత ఎక్కణ్నుంచి పుట్టిందని ఆ విగ్గుల పెద్దమనుషులు తలలు బద్దలు కొట్టుకున్నారు. పాపం, వాళ్లు టెంట్‌హౌస్ లారీని చూసి ఉండరు. అసమానత ఆ లారీలోంచి దిగడం నేను కళ్లారా చూశాను! ముందు వరసలో తెల్ల కవర్లు తొడిగిన సోఫాలు, అవి మాకు. ఆ వెనక చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు, పట్నాల నుంచి వచ్చినవాళ్లకు. వాటి వెనక చేతుల్లేని కుర్చీలు, బస్సుల్లో దింపినవాళ్లకు. ఆ తర్వాత అడ్డంగా సరుగుడు కర్రలు కట్టి, వాటికి అవతల బరకాలు పరిచారు. అవి ఆ ఊరివాళ్లకు. పుట్టినప్పటి నుంచీ ఇసుకలో కూర్చునేవాళ్లకు హఠాత్తుగా కుర్చీలు వేస్తే నడుం పట్టెయ్యదూ?

ఇక స్వేచ్ఛ. ఎవరైనా మాట్లాడవచ్చు! పేరు ఇచ్చుకుంటే చాలు. పేర్లు రాసుకునే బల్ల స్టేజీ వెనక జనరేటర్ పక్కన వేశారు. అది అక్కడుందని ఊరివాళ్లకు చెప్పాలని చట్టంలో లేదు, కాబట్టి ఎవరూ చెప్పలేదు.

దీనికి మీరు అంత ముఖం మాడ్చుకోనక్కర్లేదు. మా ఇంట్లో మా ఆవిడ నీలవేణి రోజూ ప్రజాభిప్రాయ సేకరణ చేస్తుంది. "ఏం కూర చెయ్యమంటారు?" అని అడుగుతుంది. నేను గుత్తి వంకాయ అంటాను. ఆనపకాయ వండుతుంది. అడిగిందా లేదా? అడిగింది! ఆ మర్యాద చాలదూ? కాపురం ఇన్నేళ్లు సాగిందంటే ఆ పద్ధతి వల్లే.

మొదట మాట్లాడిన ప్రభువు దేవేంద్ర. బొబ్బిలి నుంచి బస్సులో వచ్చినవాడు. రిసార్టు వస్తే ఊరు బాగుపడుతుందనీ, యువతకు ఉద్యోగాలొస్తాయనీ, సముద్రం చాలా బాగుందనీ చెప్పాడు. అతను సముద్రాన్ని చూడటం ఆ పొద్దుటే మొదలు. అంచేత అతని అభిప్రాయంలో పక్షపాతం లేదు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లదంతా స్వార్థం! పడవ, వల, చేప, పిల్లల తిండి, ఈ సొంత గొడవలే తప్ప దేశం గురించి ఒక్క ముక్క మాట్లాడరు. అందరి కోరికలు వేరు, ఉమ్మడి సంకల్పం వేరు అని ఆ విగ్గులవాళ్లు అన్నది దీన్నేనన్నమాట. ఉమ్మడి సంకల్పం బస్సులో వస్తుంది.

వరి పండించే మన రైతులకు సేకరణ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ధాన్యం బస్తా కొనుగోలు కేంద్రానికి మోసుకెళితే, మిషన్ పెట్టి చూసి, "తేమ ఎక్కువుంది, ఆరబెట్టుకుని పట్రా" అంటారు. అభిప్రాయ సేకరణా అంతే! దేవేంద్ర అభిప్రాయం గలగలలాడుతూ ఎంత పొడిగా ఉంది! చప్పున తీసుకున్నారు.

ఇంతలో కూర్మమ్మ లేచింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్మే మనిషి. పేరూ గీరూ ఇచ్చుకోలేదు. సరుగుడు కర్ర కింద నుంచి దూరి తిన్నగా మైకు దగ్గరకు వచ్చేసింది.

"అయ్యా, నా కొడుకు ఏటకెల్లి తెల్లారగట్ల వస్తాడు. వొచ్చినోడు పడవ యేడకి లాగాల? మీ వోటేలు గుమ్మంలోకి లాగమంతారేటి? ఆ ఇసక లేపోతే ఆడు యేటి తింతాడు, ఆడి పిల్లలు యేటి తింతారు? సెప్పండి మరి" అంది.

అంటూండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. చూశారా, తేమ! సభ నడుపుతున్న అధికారిగారు ఎంతో ఓర్పుగా, "ఆవేశపడకూడదమ్మా. వెళ్లి కూర్చుని, ప్రశాంతంగా రాసి ఇవ్వండి" అన్నారు. అంటే ఆరబెట్టుకుని రమ్మన్నారన్నమాట. కూర్మమ్మకు రాయడం రాదు. అది ఆవిడ వ్యక్తిగత స్వేచ్ఛ, అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోదు.

తర్వాత భోజనాలు. కంపెనీవారు అందరికీ బిర్యానీ పొట్లాలు తెప్పించారు. సోఫా కుర్చీ తేడా లేదు, బరకాల మీద కూర్చున్నవాళ్లకూ అవే పొట్లాలు. సమానత్వం ఘుమఘుమలాడిపోయింది! అయితే చిత్రమేమిటంటే, సరుగుడు కర్రలకు అవతల ఒక్కరూ పొట్లం ముట్టలేదు. పిల్లాజెల్లాతో సహా అందరూ ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు క్యారేజీలు విప్పి, చద్దన్నంలో ఎండుచేప నంజుకుంటున్నారు.

నేను చెయ్యి కడుక్కోవడానికి అటు వెళితే జీవరత్నం కనిపించాడు. నా పాత విద్యార్థి, ఆ ఊరివాడే, అక్కడి బాప్టిస్టు సంఘం బళ్లో మాస్టారు. ఇదేమిటోయ్ అన్నాను.

"తగువులో ఉన్నోల్ల ఇంట మేం మంచినీలు కూడా ముట్టం సార్. ముట్టినామంటే ఆల్ల మాటకి ఒప్పేసుకున్నట్టే. కడుపులోన ఆల్ల ఉప్పు పెట్టుకుని ఆల్లని కాదనీడానికి మా కాడ నోరు రాదు. అందుకే ఊరంతా క్యారేజీలు తెచ్చీసుకున్నాం. ఊరు ఊరే తిన్లేదంటే ఇంకేటి కావాల? ఇంతకంటే గట్టిగా యేటి సెప్తాం?" అన్నాడు. ముఖంలో ఎంత ధీమా!

వాళ్ల పొరపాటు అదే. తినకపోవడం అంటే కాదనడం అని ఆ తీరంలో చంటిపిల్లకు కూడా తెలుసు. కాబట్టి లోకమంతటికీ తెలుసనుకున్నారు. మైకు దొరక్కపోతే పోయింది, ఒక్క మెతుకు ముట్టకుండా లేస్తే చాలు, పైవాళ్లకు అర్థమైపోతుంది అనుకున్నారు.

అధికారిగారు మిగిలిపోయిన పొట్లాల గుట్ట చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. మైకు అందుకున్నారు. "ఈ గ్రామస్తులు ఎంత సుఖసంతోషాలతో ఉన్నారో చూడండి! పెట్టిన భోజనం కూడా అక్కర్లేనంత తృప్తిగా ఉన్నారు. రాతపూర్వకంగా అభ్యంతరాలేవీ రాలేదు గనక, ఈ ప్రాజెక్టుకు ప్రజలు ఏకగ్రీవంగా ఆమోదం తెలిపినట్టు ప్రకటిస్తున్నాను" అన్నారు.

బస్సులవాళ్లు చప్పట్లు కొట్టారు. బరకాల మీద మాత్రం జీవరత్నం కలిపిన ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది.

ప్రభువులు పెదవి కదపలేదు, అయినా ఆజ్ఞ వెలువడింది! చరిత్రలో ఏ చక్రవర్తికి దక్కింది ఈ భోగం? ఎంతటి చక్రవర్తయినా తలకాయ ఊపాలి, కనీసం కనుబొమ్మయినా ఎగరెయ్యాలి. మన ప్రజలకు ఆ బాధ కూడా లేదు.

నేను కారెక్కబోతుంటే జీవరత్నం పరుగున వచ్చాడు.

"సార్, జనానిదే అధికారమని మాకు పాఠం సెప్పినోరు మీరే గదా! మేం తిన్లేదంటే యేటో ఆల్లకి తెల్దు, మీకు తెల్సు. పొయ్యి ఒక్క ముక్క సెప్పండి సార్. మీ మాటయితే ఇంటారు."

నేను గొంతు సవరించుకున్నాను. ఎన్నేళ్ల పాఠం! ఒప్పందం, స్వేచ్ఛ, సార్వభౌమత్వం, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. అంతలో అతని వెనకే వచ్చిన కూర్మమ్మ నా కుడిచెయ్యి వంక చూసింది. బిర్యానీ మసాలా ఒక చెంబుడు నీళ్లకు వదులుతుందా?

"ఊరుకో జీవరత్నం, ఆ బాబు తినీసినారు. తిన్న నోరేటి మాటాడతాది?" అంది.

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. నా మానాన నన్ను వదిలేసినట్టు అనేసి, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ ఇసుకలో కంచెకు గోతులు తవ్వుతున్నారని నిన్న జీవరత్నం ఫోన్ చేశాడు. కూర్మమ్మ కొడుకు పడవను పక్క ఊరి ఒడ్డుకు లాగితే, మా చోట్లో మీకేం పనని ఆ ఊరివాళ్లు తాడు కోసి నీళ్లలోకి తోసేశారట. వినడానికి బాధగానే ఉంది. కానీ నేనేం చెయ్యను? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకాన్ని కాను. అందుకే ఇంతసేపూ ఆ సభను నోరారా పొగిడాను.

అయ్యా, అమ్మా, నేనంటే తిన్నాను. మీరు తినలేదు కదా! మరి మీ నోటికేమైంది?