దుఃఖ నిర్ధారణకు పన్నెండు బార్లు

గుండ్లవాగు పట్టణంలో ఒక మనిషి చనిపోయాడని తేలాలంటే డాక్టరు కాగితం చాలదు. ఇంటివాళ్లు మరణ నమోదు కార్యాలయానికి వెళ్లి, గిటారు మీద బ్లూస్ అనే దుఃఖపు బాణీలో పన్నెండు బార్ల సోలో వాయించి, తమకు నిజంగానే దుఃఖం కలిగిందని నిరూపించుకోవాలి. బార్లంటే తాళం కొలతలు, తాగే బార్లు కావు. ఆఫీసు ముద్ర పడనిదే శ్మశానమైనా సమాధుల తోటయినా గేటు తెరవరు. దేవుడు పిలుచుకుపోతే సరిపోతుందా, గుమస్తా కూడా ఒప్పుకోవద్దూ!

నిబంధన చూడబోతే న్యాయమైనదే. కౌంటరు మీది టేపు రికార్డరు నేపథ్యంగా కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, వాయిస్తుంటుంది. దాని మీద ముందు స్కేలు వినిపించాలి. అది ఐదు స్వరాల నిచ్చెన, మనిషికి బాధ ఉందనడానికి రుజువు. కార్డు మారినప్పుడల్లా ఆ కార్డులోని స్వరాలను ఒక్కొక్కటిగా విడదీసి మీటాలి. దాన్ని ఆర్పెజియో అంటారు, ఇంట్లో వచ్చిన మార్పు ఆ మనిషి గమనించాడనడానికి రుజువు. కార్డు మారినా పాత స్కేల్లోనే ఏడ్చేవాణ్ని వెనక్కి పంపుతారు. ఉత్త ఆర్పెజియోలు వాయించేవాడికి తెలివి ఉంది గానీ బాధ లేదని రాస్తారు.

అందరికీ గిటారు ఎక్కడొస్తుంది? అందుకని, దస్తావేజులు రాసేవాళ్లలాగే, ఆఫీసు గోడ వారగా గిటారిస్టులు స్టూళ్లు వేసుకుని కూర్చుంటారు. ఇంటివాళ్లు వాళ్ల భుజం మీద చెయ్యి వేసి నిలబడితే చాలు, ఆ ఏడుపు వీళ్ల పేరు మీద నమోదైపోతుంది. ఆ గిటారిస్టులందరిలో దయానిధి పాతకాపు. పంతొమ్మిదేళ్లుగా అతను వాయించేది ఒకటే ముక్క. నాలుగు బార్లు స్కేలు, ఐదో బారులో కార్డు మారగానే ఆర్పెజియో, చివర్న మెల్లగా మొదటి స్వరం మీదికి దిగడం. తల్లి పోయినవాడికీ అదే, ముఖం కూడా గుర్తులేని పెదనాన్న పోయినవాడికీ అదే. ఒక్కసారి కూడా ఫారం తిరిగి రాలేదు.

అతను ఇంట్లో సాధన చేస్తుంటే, భార్య రూతమ్మ ఆ ముక్కను పంతొమ్మిదేళ్లూ వంటింట్లోంచి వింది. ఆస్పత్రిలో, పోయే ముందు రోజు, అతని చెయ్యి పట్టుకుంది.

"ఊరందరికి కొట్టేది నాకు కొట్టకయ్యా. నాకంటూ ఒక్కటి కొట్టు."

కొడతానని ఒట్టు పెట్టుకున్నాడు. మంగళవారం తెల్లవారుతుండగా ఆమె పోయింది. ఆమె తమ్ముడు యోనాను ఐస్ పెట్టె దగ్గర కూర్చోబెట్టి, దయానిధి పదింటికల్లా ఆఫీసుకు వచ్చి, గోడ వారగా ఉన్న తన స్టూలు దాటుకుని క్యూలో నిలబడ్డాడు.

"అయ్యో దయానిధి, మీ ఇంట్లనేనా?" కౌంటర్లో గుమస్తా వసుంధర మేడం నిజంగానే బాధపడింది. బాధపడుతూనే టేపు ఆన్ చేసింది.

రూతమ్మ బియ్యం చెరిగేటప్పుడు ఒక కూనిరాగం తీసేది. అందులో ఒక స్వరం అటు ఏడుపూ కాదు, ఇటు నవ్వూ కాదు. దయానిధి ఆ స్వరాన్ని ఏళ్ల తరబడి గిటారు మీద వెతికి పట్టుకున్నాడు గానీ ఎవరికోసమూ వాయించలేదు. ఇప్పుడు పన్నెండు బార్లూ దాని చుట్టూనే తిరిగాడు.

"మూడో తీగె మీద కొట్టినవే, అది ఏ ఫ్రెట్టు, ఎన్నో మెట్టు?" అని మేడం పెన్ను తీసింది.

"ఐదో దానికి, ఆరో దానికి నడుమ మేడం. తీగె కొంచెం గుంజితే వస్తది."

"నడుమ అంటే ఫారంల గడి లేదు. అయిదు రాయాల్నా, ఆరు రాయాల్నా?"

"రెండూ కాదు మేడం."

ఆమె పాపం రెండు సర్క్యులర్లు తిరగేసింది. 'స్వరం అనిశ్చితం' అని రాసి ఫారం వెనక్కి ఇచ్చేసింది.

భోజనాల తర్వాత ఆ స్వరాన్ని వదిలేసి వాయించబోయాడు. నాలుగు బార్లు సాగాయి. ఐదో బారులో కార్డు మారగానే, ఇక ఆ ఇంట్లో బియ్యం చెరిగేవాళ్లు లేరని తట్టింది. వేళ్లు కదల్లేదు. మూడు బార్ల పాటు టేపు ఒక్కటే మోగింది.

"మూడు బార్లు ఖాళీ. ఆ టైంల నీకు దుఃఖం లేదా?"

"అప్పుడే ఉండె మేడం."

"వినపడలే కదా."

ఆమె కసురుకోలేదు. 'దంపతుల మధ్య సఖ్యత లేదు' అని రిమార్కు రాసి, బ్లాటింగు కాగితం అద్దింది. ఆ మాట చదివి దయానిధి ప్రాణం ఉసూరుమంది. ఇరవై ఆరేళ్ల కాపురం!

నాలుగున్నరకు యోనా ఫోన్ చేశాడు.

"బావా, ఐస్ కరుగుతున్నది. అక్క మొఖం మారుతున్నది. రేపు, ఎల్లుండి ఆఫీసుకు సెలవంట. ఏదో ఒకటి కొట్టి రా బావా, నీ కాళ్లు మొక్కుత."

దయానిధి మూడోసారి కౌంటరు ముందు కూర్చున్నాడు. ఈసారి అతను చేసిందేమీ లేదు, వేళ్లే వాయించాయి. నాలుగు బార్లు స్కేలు, ఐదో బారులో ఆర్పెజియో. తొమ్మిదో బారు దగ్గర అతను శవపెట్టెకు మేకులు సరిపోతాయా అని ఆలోచిస్తున్నాడు. పన్నెండో బారులో మొదటి స్వరం మీదికి మెల్లగా దిగాడు.

వసుంధర మేడం కొంగుతో కళ్లొత్తుకుంది. క్యూలో వాళ్లు ముక్కులు చీదారు.

"గిది దుఃఖమంటే! పొద్దుగాలనే ఎందుకు కొట్టలే?" అని ముద్ర వేసింది.

పొద్దు గుంకేలోపు పెట్టెను గుంటలోకి దించారు. దయానిధి గుప్పెడు మట్టి వేశాడు. అందరూ అతనివైపే చూస్తున్నారు. క్షమించు రూతూ అనుకున్నాడు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేనంత వచ్చింది. నాలుగు బార్లు ఒకే తీరున సాగి, ఐదో బారులో మలుపు తిరిగి, పన్నెండో బారులో మెల్లగా దిగి ఆగిపోయింది. పాస్టరుగారు అది పూర్తయ్యేదాకా ఆగి ప్రార్థన మొదలుపెట్టారు. ఎవరికీ అందులో వింతేమీ కనిపించలేదు.

ప్రార్థన అయ్యాక యోనా వచ్చి బావ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అతని వెనక రూతమ్మ చిన్నమ్మ, ఆమె వెనక చర్చివాళ్లు వరసగా నిలబడ్డారు. దయానిధి వెనక్కి తిరిగి ఆ వరస చూశాడు. ముఖం తుడుచుకుని, మళ్లీ మొదటి బారు నుంచి ఏడవసాగాడు.