బ్యాటరీని చంపిందెవరు?

“నేరస్థులు రెండే రకాలు బావా! నాకు దొరికినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు!”

తెరచాప పడవ లోపలి ఇరుకు గదిలో నిలబడి బావగారు ఈ మాట ప్రకటించి, ఠీవిగా తలెత్తి, కప్పుకు ఠపీమని గుద్దుకున్నారు. ఆయన ఊళ్ళో సగం మందికి కళ్ళద్దాలు అమ్మిన మనిషి. ఆదివారం వస్తే మాత్రం డిటెక్టివు. ‘డేగకన్ను’ అన్న బిరుదు ఆయనకు ఆయనే ఇచ్చుకున్నారు.

పడవ యజమాని, అంటే ఆయన చెల్లెలి మొగుడు, నుదురు పట్టుకుని కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి సెలవులన్నీ ధారపోసి బాగుచేసుకున్న పడవ ఇది. పోయిన ఆదివారం నుంచి, రేవు గట్టు మీది కరెంటు తీగ తగిలించే ఉన్నా బ్యాటరీ ఛార్జి ఎక్కడం లేదు. దీపం లేదు, పంపు లేదు. అడుగున చేరే నీళ్ళు బకెట్టుతో తోడలేక భార్య విసిగిపోయింది. సాయంత్రంలోగా దీపం వెలక్కపోతే పడవను పక్క పడవ పళ్ళ డాక్టరుకు అమ్మేయాల్సిందేనని తేల్చి చెప్పేసింది. అతనికి నిజంగానే ఏడుపొస్తోంది.

“గట్టు మీద కరెంటుంది బావగారూ, తీగలోనూ ఉంది. ఛార్జరు దాకానే రావట్లేదు. ఆ కోటు కాస్త తీస్తే వెనకున్న స్విచ్చుల బోర్డు కూడా చూస్తాను.”

“కోటు ముట్టుకోకు!” బావగారు గర్జించారు. పోయిన ఆదివారం పడవ చూడ్డానికొచ్చి, గోడకు తగిలించి వెళ్ళిన కోటది. జేబుల్లో భూతద్దం, టార్చి, కొలత టేపు, తాళాలగుత్తి. “అది అక్కడ కాపలా కాస్తోంది. లోపల నేనున్నాననుకుని దొంగ బెదిరిపోవాలి.”

“మరి బెదిరినట్టు లేడే, అన్నయ్యా?” మెట్ల మీంచి చెల్లెలు అడిగింది.

“అంటే వాడు కోటులకు అలవాటుపడిన ఘరానా దొంగ! మొదటి క్లూ దొరికింది.”

ఆయన మోకాళ్ళ మీద కూలబడి, మూలనున్న పెట్టె వాసన చూసి, చెవి ఆనించి, దిగులుగా తలాడించారు. “ఇది సహజ మరణం కాదు.”

“అది మంచినీళ్ళ ట్యాంకు బావగారూ. బ్యాటరీ ఇటుంది.”

“సాక్షిని విచారించాను, తప్పా?” ఆయన తడుముకోకుండా లేచారు. “ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి పట్టే ఓపిక లేదు. నాకుంది!”

అప్పుడే పళ్ళ డాక్టరు నవ్వుతూ దిగాడు. బావగారు వేలు చూపించారు. “దొరికావ్! మా గట్టు నుంచి నీ పడవలోకి పోయే ఆ పసుపు తీగ ఏమిటి?”

“బట్టలారేసుకునే తాడండీ.”

“దాని చివర?”

“నా బనీను.”

చెల్లెలు నవ్వాపుకోలేకపోయింది. బావగారి ముఖం కందగడ్డయింది. “ఇంత అవమానం జరిగాక నేనిక్కడ ఒక్క క్షణం ఉండను!” అంటూ కోటు పట్టి లాగారు. రాలేదు. ఒళ్ళు మండి పైకి ఒక్క గుంజు గుంజారు.

టక్.

ఛార్జరు మీద పచ్చదీపం వెలిగింది. అడుగున పంపు బుర్రుమంది. పడవ యజమాని బ్యాటరీ పక్కన చతికిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. పడవ తనకే మిగిలింది.

చెల్లెలు వెళ్ళి గోడ చూసింది. “కొక్కెం అనుకుని నువ్వు కోటు తగిలించింది ఛార్జరు స్విచ్చు పిడికా, అన్నయ్యా? బరువుకు అది కిందికి వాలి, కరెంటు ఆగిపోయి వారమైంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికించావు కదా!”

బావగారు కోటు దులుపుకున్నారు.

“చెప్పానా? ఈశ్వరుడి వల్ల కానిది నా వల్ల అయింది. ఇంటి దొంగను పట్టేశాను!” అని, “ఈ విజయానికి టీ తాగాల్సిందే” అంటూ కోటు మళ్ళీ గోడకేసి ఎత్తారు.

మొగుడూ పెళ్ళాం ఒక్క దూకు దూకి ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఆమె కోటు లాక్కుని పళ్ళ డాక్టరు చేతిలో పెట్టింది.

“పడవ అమ్మట్లేదండీ. కావాలంటే ఇది తీసుకెళ్ళి మీ తాడు మీద వేసుకోండి.”