పదకొండు మంది, రెండు పాలీలు

సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా కొత్త పాలీల జాబితా గోడకు అంటించాలనుకున్నాడు దేవయ్య. సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డులో పదకొండు మంది కార్మికులు. పగలొక పాలి, రాత్రొక పాలి. కాని ఒక్కొక్కరికి ఒక్కో షరతు. అందుకే కూతురు ఆర్తి, కల్యాణ్ పట్నంలో దుకాణమాయన వారం రోజులు వాడి చూడమని ఇస్తే తెచ్చుకున్న పాత కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఇయ్యాల జాబితా రాకుంటే సాయంత్రం ఈ కంప్యూటర్ డబ్బా వాపస్. నువ్వు మీ అమ్మతోని కండెలు చుట్టు," అన్నాడు దేవయ్య.

ఆర్తి తలూపింది. ఆమెకు గొంతు పెగలదు గాని, ఆమె రాసిన ప్రోగ్రాంకు మొహమాటం లేదు. ఒకరి పేరు తీసి, బొమ్మాబొరుసూ వేసినట్టు పగలో రాత్రో అంటుంది. తర్వాత ఇంకొకరు. ఎవరి షరతైనా తెగితే చివరి మాట వెనక్కి తీసుకుని రెండోది చూస్తుంది. అదీ కుదరకపోతే ఇంకా వెనక్కి. తప్పు తెలిసీ సిగ్గుపడనిదాన్ని ఆమె మొదటిసారి చూస్తోంది. కళ్లారా చూడాలని ఒక్కో అడుగుకు కాసేపు ఆగమని కూడా రాసింది. ముప్పు అక్కడే వచ్చింది.

తెర మీద పేరు పడగానే దేవయ్య కిటికీలోంచి కేకేశాడు. "కొమురయ్యా, నీకు రాత్‌పాలి."

కొమురయ్య టిఫిన్ డబ్బా తీసుకుని పడుకోవడానికి బయలుదేరాడు. వీధి చివరికి చేరేలోగా తెర మారింది. "కొమురయ్యా, వాపస్ రా. దిన్‌పాలి."

"బాపూ, అది ఇంకా సోంచాయిస్తున్నది, తేల్చలే," అంది ఆర్తి. మగ్గాల మోతలో అది ఆమెకే వినపడలేదు.

పదింటికల్లా పదకొండు మందీ డబ్బాలతో గల్లీలో పోతూ వస్తూ ఉన్నారు. పక్క షెడ్డు వాళ్లు చూసి హర్తాళ్ అనుకున్నారు. వాళ్లూ మగ్గాలు ఆపారు. వాళ్లను చూసి ఎదుటి షెడ్డు. ఎన్నడూ లేనిది, గల్లీ అంతా నిశ్శబ్దమైంది.

ఆర్తి తల్లి సుశీలాబాయి బయటికొచ్చింది. "ఏందే, చెవులు పోయినయా నాకు?"

ఆ నిశ్శబ్దంలోనే ఆర్తి మాట అందరికీ వినపడింది. "బాపూ, కుదరదంటున్నది."

రెండు వేలకు పైగా దారులు. అన్నీ నడవకుండానే, చచ్చిన కొమ్మలు నరుక్కుంటూ పోయి, కుదిరే దారి లేదని తేల్చేసింది ప్రోగ్రాం.

"అయితే వాపసే," అన్నాడు దేవయ్య.

ఆర్తి గబగబా ఆగమన్న వరుస కొట్టేసి, షరతులు ఒక్కోటీ తీసి చూసింది. పై నుంచి ఎన్ని తీసినా లేదు, లేదు. మూడే మిగిలాయి. తీసినవన్నీ మళ్లీ పెట్టి, ఆ మూడింట్లో ఆఖరుది తీయగానే రెప్పపాటులో జాబితా వచ్చింది.

"ఎవనిదది?" అని గద్దించాడు దేవయ్య.

"నీదే బాపూ. కొమురయ్య కాక పెద్దులు కాకతోని చెయ్యడు. పెద్దులు కాక విఠల్‌తోని చెయ్యడు. కొమురయ్య కాకా, విఠలూ కలిస్తే ముచ్చట్లు పెడ్తరు, ఇడదియ్యమంటివి నువ్వు. ముగ్గురికి మూడు పాలీలు యాడికెల్లి తేవాలె?"

"గా సాంచాల మోతల ఏం ముచ్చట్లు ఇనవడ్తయయ్యా?" అంది సుశీలాబాయి.

గల్లీలో మగ్గాలు ఒక్కొక్కటే మళ్లీ మొదలయ్యాయి.

సాయంత్రం కంప్యూటర్ వాపసు పోలేదు. పోయింది దేవయ్య షరతు ఒక్కటే.