ఎనిమిది లోపు గడప తొక్కరాదు

ఆదివారం పొద్దున గురుదత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరు గంటలకు తలుపు మీద కాగితం అంటించాలి. దాన్ని చూసి అప్పులవాడు వెనక్కు పోవాలి. పదింటికి ఎమ్మిగనూరు నుంచి మామగారు వచ్చేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉండాలి.

గురుదత్ ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్తాడు. ఎండాకాలం వచ్చే మామగారికి ఉక్క పోయకూడదని, ఫోనులో ఏదో లోన్ యాప్ నుంచి తొమ్మిది వేలు తీసుకుని కూలరు కొన్నాడు. భార్య వైదేహితో బోనస్ వచ్చిందన్నాడు. ఒక్క వాయిదా తప్పిందో లేదో, సుధాకర్ అనే వసూళ్ళ ఏజెంటు తెల్లారి ఐదున్నరకు ఒకసారి, రాత్రి పదికి ఒకసారి ఫోన్ చేసి, "ఆదివారం ఇంటికే వస్తాండా సార్. మీ వీధికంతా సెప్తా" అని సుప్రభాతం పాడటం మొదలుపెట్టాడు.

వీధి సంగతి అటుంచి, మామగారు వెంకటరామయ్యకు తెలిస్తే? "మా వంశంలో వడ్డీ కట్టినోడు లేడు" అని పెండ్లిమాటల్లోనే ప్రకటించిన మనిషి ఆయన. అల్లుణ్ణి ఏమీ అనడు. అన్నం తినకుండా బస్సెక్కుతాడు. ఆ తర్వాత పదేళ్ళు వైదేహి అంటుంది.

వసూలుకు వచ్చేవాళ్ళు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత మనిషిని కదిలించకూడదని, ఇంటివాళ్ళ ముందు, ఇరుగుపొరుగు ముందు పరువు తీయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయని గురుదత్ చదివి తెలుసుకున్నాడు. తెలిసింది రాసి చూపించకపోతే మాస్టారికి నిద్ర పట్టదు. అయితే అప్పు అన్న మాట రాస్తే గుట్టు రట్టవుతుంది. అందుకని ఆ ఒక్క మాటా మింగేసి, మిగతాదంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

"ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం ఏడు తర్వాత ఈ గడప తొక్కరాదు. ఇంటివారితోను, ఇరుగుపొరుగుతోను మాట్లాడరాదు. మీరితే ఫిర్యాదు చేయబడును."

ఆరున్నరకు పాలు పోసే మహబూబ్ బీ వచ్చి, కాగితం చూసి, పక్కింటి మంజులను పిలిచి చదివించుకుంది.

"యా అల్లా! ఎనిమిది దాకా పాలు ఆగుతాయా అమ్మా? ఏడేండ్ల నుంచి పోస్తాండా, ఒక్కనాడన్నా నీళ్ళు కలిపితినా?"

అప్పుడప్పుడు కలిపిన మాట నిజమే గానీ మంజుల ఆ సంగతి పట్టించుకునే స్థితిలో లేదు. ఆమె రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది.

"ఇరుగుపొరుగుతో మాట్లాడకూడదంట! నిన్న కరివేపాకు కావాలని గోడ మీద నుంచి నన్ను పిలిచింది ఎవురు?"

మహబూబ్ బీ పాలక్యానుతో సహా వెళ్ళిపోయింది. ఏడింటికి ట్యూషన్ పిల్లలు వస్తే మంజులే ఎదురుపోయి, "పోండప్పా, మీ సారు కేసు పెడతాడంట" అంది. పిల్లలు రెండోసారి చెప్పించుకోలేదు.

లోపల గురుదత్ గడియ పెట్టుకుని, బయటి నిశ్శబ్దాన్ని వింటూ మురిసిపోతున్నాడు.

"పాలు రాలేదు, పిల్లలు రాలేదు. ఏమైందండీ?" అంది వైదేహి.

"ఎనిమిదికి చూద్దాంలే. అంతదాకా తలుపు తీయొద్దు."

ఏడుంబావుకు వెంకటరామయ్య వచ్చాడు. కూతుర్ని చూడాలన్న తొందరలో మొదటి బస్సు పట్టుకున్నాడు. కాగితం చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అల్లుడి చేతిరాతే. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. తలుపు తట్టకుండా, సంచి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

ఐదు నిమిషాలకు సుధాకర్ బండి దిగాడు. ఆ కాగితం సరిగ్గా అర్థమైన మొదటి మనిషి అతడే. ఫిర్యాదన్న మాట దగ్గర కొంచెం తగ్గి, వాచీ చూసుకుని, తనూ మెట్టు మీద కూర్చున్నాడు.

"నిన్ను గూడా రావద్దన్నాడా అప్పా?" అన్నాడు వెంకటరామయ్య.

"ఎనిమిదికి పోవచ్చులే స్వామీ. మీరు ఇంటోళ్ళా?"

వెంకటరామయ్య తలుపు వైపు చూశాడు. "నిన్నటిదాకా అనుకుంటి. ఈ పొద్దు కాదనిపిస్తాంది."

"ఇరుగుపొరుగా?"

"మాది ఎమ్మిగనూరు."

సుధాకర్ కాగితాన్ని ఇంకోసారి చదువుకున్నాడు. ఇంటివాడు కాదు, పొరుగువాడూ కాదు. "అట్లయితే మీకు సెప్పొచ్చు" అని తొమ్మిది వేలూ, తప్పిన వాయిదా, మీద పడిన జరిమానా అంతా పూసగుచ్చినట్లు చెప్పేశాడు.

వెంకటరామయ్య ముఖం విప్పారింది. "అంటే ఇది నాకు రాసింది గాదా?"

"మీకెందుకు రాస్తారు స్వామీ? ఇంతకూ మీ పేరు?"

"వెంకటరామయ్య."

సుధాకర్ ఫోను తీసి వేలితో పైకీ కిందికీ జరిపాడు. "ఎమ్మిగనూరు వెంకటరామయ్య. పన్నెండు వేలు. రేపు మీ ఊరికే వస్తాండా స్వామీ. ఫోన్ ఎత్తరేమి మీరు?"

"మెల్లగా అప్పా! బ్యాంకుకు పోతే నలుగురు చూస్తారని మీ యాప్‌లో తీసుకుంటి. ఎవురికీ తెలీదంటిరే!"

ఎనిమిది కొట్టగానే గురుదత్ తలుపు తీశాడు. మెట్టు మీద మామగారు. పక్కన అప్పులవాడు. గురుదత్ గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"మామా, తొమ్మిది వేలే..."

"గట్టిగా మాట్లాడొద్దు అల్లుడూ." వెంకటరామయ్య లోపలికి తొంగిచూసి, కూతురు వంటింట్లోనే ఉందని రూఢి చేసుకున్నాడు. "రాత బాగుంది. ఇట్లాంటిదే ఇంకొకటి రాసియ్యి."

"ఎవురికి మామా?"

"నాకే. అప్పు అనే మాట మాత్రం రాయొద్దు. మీ అత్త చదువుతాది."

మధ్యాహ్నం మామా అల్లుళ్ళిద్దరూ తలుపు దగ్గరగా వేసుకుని, వేళగాని వేళ వచ్చిన ఫోన్లన్నీ తేదీలతో సహా రాసి, యాప్ కంపెనీకి ఫిర్యాదులు పంపారు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఇట్లాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోతామని కూడా రాశారు. సాయంత్రం గురుదత్ మంజుల ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాడు. వైదేహికీ, ఆమె తల్లి అంబాబాయికీ మాత్రం ఇద్దరూ ఏమీ చెప్పలేదు.

వాళ్ళకు తెలిస్తే పడే తిట్లకు వేళలు పెట్టే నిబంధన రిజర్వు బ్యాంకు ఇంకా తేలేదు.